కొండెక్కిన ఓడ

12వ తేదీ, బుధవారం

ఇవాళ్టి పనులు: బట్టలు రెండు వాయిలు. కిటికీలు నాలుగు తుడిచాను. ఇస్త్రీ తొమ్మిది. మరిదికి పథ్యం క్యారేజీ కట్టి, పదకొండూ పది బస్సు డ్రైవరుకి ఇచ్చాను (నిన్న ఒకటి, ఇవాళ ఒకటి). అటక దులపడం: వాయిదా. నిచ్చెన పట్టుకోవాల్సిన మనిషికి జ్వరం.

చిరంజీవి మరిదికి వదిన దీవెనలు.

జ్వరం తగ్గిందా? పోయినసారి నీళ్ళ ట్యాంకు కడగాల్సిన రోజున నీకు నడుం పట్టేసింది. ఈసారి అటక అనేసరికి జ్వరం. నా పనుల పట్టీ నీ ఒంటికి ఎవరు చదివి వినిపిస్తున్నారో తెలియదు. ఏమైనా మంచం దిగకు. ఫోను చేస్తే "మీటింగులో ఉన్నా వదినా" అంటావు కాబట్టి ఉత్తరం రాసి క్యారేజీలో పెడుతున్నాను. ఉత్తరానికి మీటింగు అడ్డురాదు.

నువ్వు పంపిన పటం వంటింటి గోడకి అతికించాను. మీ అన్నయ్య సర్వే ఓడ వెళ్ళిన దారి అన్నావు. దారి అన్నాక ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాలి కదా? ఇది పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, మళ్ళీ పైనుంచి కిందికి. ఇరవై ఆరు గీతలు లెక్కపెట్టాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో చీపురు ఏ కొస పట్టుకోవాలో తెలియని మనిషి, సముద్రాన్ని మాత్రం మూల వదలకుండా ఊడుస్తున్నాడు. ఆ సముద్రానికి పట్టిన అదృష్టం నా ముందుగదికి పట్టలేదు.

లేక దారి తప్పాడా? తప్పితే దాచకుండా చెప్పు.

ఇట్లు,
క్యారేజీలు కట్టే వదిన

తా.క. క్యారేజీకి గిన్నెలు నాలుగు, మూత ఒకటి, చెంచా ఒకటి. నిన్నటిది ఇంకా తిరిగి రాలేదు. రాసి పెట్టుకున్నాను.


13వ తేదీ, గురువారం

పూజ్యులైన వదినగారికి నమస్కారాలు.

జ్వరం నూట రెండు దాకా వెళ్ళింది. రెండు రోజులూ దిండు మీదనుంచి తల ఎత్తలేదు. క్యారేజీలు కూడా పక్కింటాయనే బస్టాండు నుంచి తెచ్చిపెట్టాడు పాపం.

అన్నయ్య దారి తప్పలేదు. ఓడ అడుగున ఉన్న యంత్రం నీళ్ళలోకి శబ్దం పంపి, అది అడుగు తగిలి తిరిగొచ్చే సమయాన్నిబట్టి లోతు కొలుస్తుంది. ఒక్కో గీతకి సన్నని పట్టీ మేరే తెలుస్తుంది. అందుకే గీత పక్కన గీత. దీన్ని శాస్త్రం అంటారు. ఊడవడం అనరు.

ఇక పటం గీయడం అందరికీ అయ్యే పని కాదు. నల్లటి తెర మీద ఒక్క వాక్యం టైపు చేస్తాను, అంతే. ఓడ రోజుకొక ఫైలు పంపుతుంది. అందులో నిమిషానికొక వరుస: సమయం, ఓడ ఉన్న చోటు, లోతు. ఫైళ్ళ పేర్లు కూడా కొట్టను. ఒక్క నక్షత్రం గుర్తు కొడితే ఫోల్డరులో ఉన్నవన్నీ వాటంతటవే వరుసకట్టి గీతలో నిలబడతాయి. ఈ విద్య మా ఆఫీసులో నాకొక్కడికే వచ్చు.

ఇట్లు,
కోలుకుంటున్న మరిది

తా.క. జావలో ఉప్పు తగ్గింది వదినా. గాలికి కూర్చుని తింటే మరీ చప్పగా తెలిసింది.


20వ తేదీ, గురువారం

ఇవాళ్టి పనులు: అలమారా సర్దాను. గ్యాసు సిలిండరు మార్చాను (పోయినది నలభై ఒక్క రోజులు వచ్చింది). కొత్త పటం గోడకి అతికించాను. అరగంట తర్వాత పాతదీ కొత్తదీ పీకేశాను.

చిరంజీవి మరిదికి,

నువ్వు పద్దెనిమిదో తేదీ దాకా గీసి పంపిన పటం అందింది. సర్వే గీతల చివరినుంచి ఒక తిన్నని గీత బయల్దేరి తీరానికొచ్చింది. తీరం దగ్గర ఆగిందా? ఆగలేదు. రెండు ఊళ్ళు తొక్కుకుంటూ, ఒక కొండెక్కి దిగి, మీ ఊరి పక్క సముద్రపు పాయలో పడింది. ఓడకి చక్రాలు ఎప్పుడు బిగించారు? కొండ మీద హారను కొట్టాడా?

పాయలో ముగ్గుపిండి ఒలికినట్టు ఏవో మెలికలు. వాటి పక్కన తేదీలు వేశావు, పదకొండు, పన్నెండు. అంటే రెండు రోజులు మీ అన్నయ్య అక్కడున్నాడన్నమాట. అక్కడికి మా ఇంటినుంచి గంట బస్సు. నీకు జావ పంపిన బస్సే.

మొన్న ఆదివారం నాలుగింటికి రావాల్సిన ఫోను కూడా రాలేదు. ఇరవై ఏళ్ళలో మీ అన్నయ్య ఓడ మీదినుంచి నాకు చేయని ఆదివారం అదే. గంట దూరంలో రెండు రోజులుండి ఇంటికి రాని మనిషి పేరున రోజూ పెట్టే రెండో పళ్ళెం ఇంకా పెట్టాలా, మానాలా? నాకు తెలిస్తే గిన్నెలు తోముకోవడం తగ్గుతుంది.

ఇట్లు,
గోడ ఖాళీ చేసిన వదిన

తా.క. క్యారేజీలు రెండూ ఇంకా అక్కడే ఉన్నాయి. ఓడ మీద వేసి పంపినా సరే. అది రోడ్డు మీద నడుస్తుందిగా.


21వ తేదీ, శుక్రవారం

వదినగారికి నమస్కారాలు.

మీకు పటం చదవడం రాదు, అది మీ తప్పు కాదు. తీరాన్ని ముతకగా గీయమనీ అడగొచ్చు, సన్నగా గీయమనీ అడగొచ్చు. ముతకది తొందరగా వస్తుందని నేను అదే వాడతాను. అందులో తీరం కొంచెం అటూ ఇటూ పోతుంది. కాబట్టి ఓడ కొండెక్కలేదు, కొండే కాస్త పక్కకి జరిగింది.

మిగతాది చెప్పడానికి నోరు రావడం లేదు. ఆ పటం మా ఆఫీసు పెద్దసారు కూడా చూశారు. "సర్వే వదిలేసి రెండు రోజులు తీరానికి ఎందుకొచ్చాడు?" అని అడిగారు. ఓడలో మాటల ఫోను చెడిపోయింది. సందేశం పంపితే, "నేను గీత మీదే ఉన్నాను" అని ఒక్క ముక్క జవాబొచ్చింది. దొరికిపోయినవాళ్ళందరూ అదే అంటారన్నారు పెద్దసారు. వచ్చే శుక్రవారం, ఇరవై ఎనిమిదిన విచారణ. తేలకపోతే అన్నయ్యని సర్వే బాధ్యతనుంచి తీసేసి గోదాముకి పంపుతారట.

నాకు సైకిలు నేర్పిన అన్నయ్యే. అయినా పటం అబద్ధం చెప్పదు కదా వదినా.

ఇట్లు,
బరువెక్కిన గుండెతో, మరిది

తా.క. గోదాములో పని సాయంత్రం అయిదింటికే అయిపోతుంది. మీకు తోడుంటాడు.


22వ తేదీ, శనివారం

చిరంజీవి మరిదికి,

ఇవాళ పనులేవీ పట్టీ ప్రకారం జరగలేదు. అందుకే రాయడం లేదు.

మీ అన్నయ్య బద్ధకస్తుడు. మతిమరుపు. తడి తువ్వాలు మంచం మీద వేస్తాడు. కానీ అబద్ధం ఆడడానికి కూడా ఓపిక కావాలి, అది ఆయనకి లేదు. గీత మీద ఉన్నానన్నాడంటే గీత మీదే ఉన్నాడు. ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద తిరిగిన మనిషిని గోదాములో పెడితే రెండో నెలకి మంచాన పడతాడు. అది నీకూ తెలుసు.

ఆ ఫైళ్ళూ, ఆ వాక్యమూ నాకు పంపు. నేను గీస్తాను.

ఇట్లు,
వదిన

తా.క. నవ్వడం అయ్యాక పంపినా ఫరవాలేదు. సోమవారంలోగా నవ్వేసెయ్.


24వ తేదీ, సోమవారం

వదినగారికి నమస్కారాలు.

నవ్వేశాను. ఫోల్డరు ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవులో ఎక్కించి డ్రైవరుకిచ్చాను. వాక్యం కాగితం మీద రాశాను. నాలుగు హద్దులూ పడమర, తూర్పు, దక్షిణం, ఉత్తరం, ఇదే వరుసలో ఇవ్వాలి. ఒక్క అడ్డగీత పోయినా ఏమీ రాదు. ఇది చిట్టీ రాసినట్టు కాదు. నాకే ఏడాది పట్టింది.

ఇట్లు,
మీ ధైర్యానికి జోహార్లతో, మరిది

తా.క. కంప్యూటరు పేలదు. భయపడకండి.


26వ తేదీ, బుధవారం

ఇవాళ్టి పనులు: వంట ఒక పూటే. కమాండ్లు ముప్పై ఏడు. తప్పులు ముప్పై ఒకటి. ఒప్పులు ఆరు.

చిరంజీవి మరిదికి వదిన దీవెనలు.

ఈ నల్ల తెరతో నాకు పాత పరిచయంలా ఉంది. తప్పంటుంది, ఏది తప్పో చెప్పదు. ఒప్పయితే నోరు విప్పదు. అచ్చం మీ అన్నయ్యే. కాబట్టి మచ్చిక చేసుకోవడానికి రెండు రోజులే పట్టింది.

మొదటిసారి హద్దులు తప్పు కొట్టాను. కాగితం నిండా నీళ్ళే వచ్చాయి. రెండోసారి తీరాన్ని అతి సన్నగా గీయమన్నాను. ఎంత సన్నగా గీసినా కొండ కదల్లేదు నాయనా, ఓడ దాని నెత్తి మీదనుంచే వెళ్ళింది. అప్పుడు భూతద్దం తీసి తేదీలు చదివాను. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా అన్నీ సర్వే గీతల మీదే ఉన్నాయి, ఇరుకులో ఒకదాని మీదొకటి ఎక్కి. పదకొండూ ఉంది, పన్నెండూ ఉంది. పాయలో మళ్ళీ ఒక పదకొండు, ఒక పన్నెండు. నా గోడ క్యాలెండరులో పదకొండో తేదీ ఒక్కటే ఉంది. మీ ఆఫీసుకి రెండిచ్చారా?

పద్దెనిమిది రోజులకి ఎన్ని ఫైళ్ళుండాలి? నీ ఫోల్డరులో పందొమ్మిదున్నాయి. చివరిదానికి ఓడ సంఖ్య లేదు, లోతు గడి అంతా ఖాళీ. నీ నక్షత్రం గుర్తు వచ్చినవాడినల్లా పంక్తిలో కూర్చోబెట్టింది. ఓడ ఆఖరి చుక్కనుంచి ఈ పిలవని చుట్టం మొదటి చుక్కకి తిన్నగా గీత లాగింది. కొండెక్కింది ఆ గీత, ఓడ కాదు. పందొమ్మిదోది తీసేసి గీసిన పటం జత చేశాను. పెద్దసారుకి చూపించు.

ఆ ఫైలు ఎవరిదో నాకు తెలియదు. నువ్వే కనుక్కో.

ఇట్లు,
రెండు పళ్ళేలు తోముకుంటున్న వదిన

తా.క. పేలలేదు.


28వ తేదీ, శుక్రవారం

పూజ్యులైన వదినగారికి శతకోటి నమస్కారాలు.

విజయం! విచారణలో నేను లేచి, "పటంలో నాకు మొదటినుంచీ అనుమానంగానే ఉంది" అని మొదలుపెట్టి, రెండు పదకొండుల సంగతి బయటపెట్టాను. పెద్దసారు నా భుజం తట్టారు. సర్వే బాధ్యత అన్నయ్యకే ఉంది. మీ పేరు చెబుదామనుకున్నాను, సమయం చాలలేదు.

ఆ ఫైలు ఏదో పడవది. ఎలాగో వచ్చి కలిసింది.

ఆదివారం అటక దులపడానికి రాలేను. ఒళ్ళు మళ్ళీ వెచ్చగా ఉంది.

ఇట్లు,
అలసిన మరిది

తా.క. ఆ పందొమ్మిదో ఫైలు నా దగ్గర తుడిచేశాను. మీరూ తుడిచేయండి. వైరస్ ఉండొచ్చు.


29వ తేదీ, శనివారం

ఇవాళ్టి పనులు: పాత పటం మళ్ళీ గోడకి అతికించాను. కొత్తది ఒకటి గీశాను.

చిరంజీవి మరిదికి వదిన దీవెనలు.

నేను దేన్నీ ఊరికే పారేయను, తెలుసుగా. తుడిచేసే ముందు ఒకసారి చూద్దామని ఆ ఫైలు ఒక్కదాన్నే గీశాను. హద్దులు నాలుగూ దగ్గరికి లాగితే మీ ఊరు కాగితం నిండా వచ్చింది. ఎంత మంచి సాఫ్ట్‌వేరు!

పదకొండో తేదీ పొద్దున్న ఒక చుక్క మీ సందులో, మీ వాకిట్లోంచి బయల్దేరింది. పన్నెండూ పదికి బస్టాండులో ఆగింది. ఏడు నిమిషాలు. మర్నాడూ అంతే, పన్నెండూ పదికి, ఏడు నిమిషాలు. పదకొండూ పదికి ఇక్కడ ఎక్కిన క్యారేజీ అక్కడ దిగే సమయం నాకు కొత్తేం కాదు. అక్కడినుంచి చుక్క పాయ రేవుకి వెళ్ళి, సాయంత్రం అయిదు దాకా నీళ్ళలో గుండ్రంగా తిరిగింది. గంటకి మూడు కిలోమీటర్లు. కాళ్ళతో తొక్కే పడవ మరి, అంతకంటే ఏం పోతుంది? ఆ ఫైలు "ఏదో పడవది" అని రాశావు. నిజమే చెప్పావు. అందుకు మెచ్చుకుంటున్నాను.

నూట రెండు జ్వరంతో దిండు మీదనుంచి తల ఎత్తని నీ ఫోనుని, తిరిగిన దారల్లా రాసుకునే ఆ ఫోనుని, పక్కింటాయన జేబులో వేసుకుని షికారు తిప్పాడు కాబోలు. పాపం, దాన్ని ఫోల్డరులో పడేసిందీ ఆయనేనేమో. జావ గాలికి కూర్చుని తిన్నానన్నావు. ఎంత గాలో ఇప్పుడు తెలిసింది.

జ్వరమని నన్ను ఒక్కదాన్ని ఏమారిస్తే నేను కోప్పడేదాన్ని కాదు. కానీ వారం రోజులు మీ అన్నయ్య మాట నమ్మకుండా నీ గీతని నమ్మావు. ఒక పూట నేనూ నమ్మాను. అందుకే ఇది రాస్తున్నాను. ఓడ ఫోను బాగుపడిందని డ్రైవరు చేత కబురు పంపావు కదా. రేపు పదింటికల్లా ఇక్కడుండాలి. అటక పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, గీత పక్కన గీత, మూల వదలకుండా. దాన్ని శాస్త్రం అంటారు. నాలుగింటికి ఫోను రాగానే ఆ పందొమ్మిదో ఫైలు సంగతి మీ అన్నయ్యకి నువ్వే చెప్పాలి. క్యారేజీలు రెండూ, ఈ ఉత్తరమూ వెంట తెచ్చుకో. చెల్లు దీని మీదే వేస్తాను.

రాకపోతే బలవంతం లేదు. పటం రెండు ప్రతులు తీశాను. పెద్దసారు గోడ కూడా ఖాళీగానే ఉంటుందనుకుంటాను.

ఇట్లు,
మీ ఆఫీసులో నీ ఒక్కడికే వచ్చిన విద్య నేర్చుకున్న వదిన

తా.క. ఒళ్ళు వెచ్చగా ఉందన్నావు. జావ చేస్తాను. ఉప్పు సరిపడా వేస్తాను.


(అదే కాగితం వెనక)

30వ తేదీ, ఆదివారం. మరిది తొమ్మిదీ నలభైకే వచ్చాడు. జ్వరం లేదు. అటక దులిపాడు, ఇరవై ఆరు గీతలు, నేను కింద కూర్చుని లెక్కపెట్టాను. నిచ్చెన నేనే పట్టుకున్నాను. నాలుగింటికి ఫోను వచ్చింది. మరిది చెప్పాడు. అవతలనుంచి చాలాసేపు నవ్వే వినిపించింది. తర్వాత నాకిమ్మని అడిగి, "నా పటం గోడ మీదే ఉంచావా?" అన్నారు. ఉందన్నాను.

గిన్నెలు ఎనిమిది, మూతలు రెండు, చెంచాలు రెండు ముట్టాయి. అటక పని ముట్టింది. బాకీ చెల్లు.