తీగకు ముడి వేసినందుకు

మహారాజశ్రీ నాయనగారి సముఖానికి, తిరుపతి నుంచి కూతురు మహిత వినయంగా రాసుకునేది. ఈడ నేను బాగుండాను, హాస్టలు సాంబారుకే ఒంట్లో బాగలేదు. నగరిలో నువ్వు, అమ్మ, నాలుగు మరమగ్గాలు కులాసా అని తలుస్తాను. ఫోన్లో మగ్గాల మోతకు నీకు సగమే వినబడతాది, మిగతా సగం అమ్మ సొంతంగా కల్పిస్తాది. అందుకే ఈ జాబు.

"ఆడ ఏం చేస్తా ఉండావమ్మా?" అని అడిగినావు. కోల్‌కతాలో ఒక పెద్ద యంత్రం అణుకేంద్రకాలను ఒకదానితో ఒకటి గుద్దిస్తాది. ఎగిరొచ్చే కణాల్లో ఏది ప్రోటానో, ఏది ఆల్ఫానో కనిపెట్టే పెట్టె ఈడ మా ల్యాబులో చేస్తా ఉండాము. కణం పెట్టెలోని గ్యాసు దాటేటప్పుడు కొంత శక్తి వదిలిపెడతాది, మిగిలింది వెనక పలకలో పోగొట్టుకొని నిలబడిపోతాది. రెండూ చూస్తే వచ్చిందెవరో తెలిసిపోతాది. బస్టాండులో నడక చూసి "ఈయన చెన్నైకి పొయ్యే లుంగీల వ్యాపారి" అంటావే, అదే విద్య. నీకు డిగ్రీ ఇవ్వలేదు, అంతే.

గ్యాసులో తొంభై ఆరు తీగలుంటాయి. వెంట్రుక కంటే సన్నం, బంగారు పూత. అచ్చం నీ పడుగే. మా మోహన్‌కృష్ణ సారు "నేతింటి చెయ్యి!" అని మెచ్చుకుంటే తల ఎగరేసినాను కూడా.

ఇప్పుడు గొంతు సవరించుకుంటా ఉండాను. పోయిన మంగళవారం ఒక తీగ తెగింది. దాన్ని మొత్తం తీసేసి, కొత్తది లాగి, బిగువు చూసి అతికించాల. అరపూట పని. నేనేమో భూతద్దం పెట్టుకొని, కొత్త ముక్క కలిపి, నువ్వు నేర్పిన ముడి వేసినాను. ఏం ముడి నాయనా అది! నీ మగ్గం మీదైతే వేలికి కూడా తగిలేది కాదు. కరెంటుకు తగిలింది. వోల్టేజీ పెంచేసరికి ముడి మొన దగ్గర టపటపా నిప్పురవ్వలు. ఇంక పెట్టెకు ప్రోటాను లేదు, ఆల్ఫా లేదు, అంతా గోలే.

"ఆఖర్న తీగలు ముట్టిందెవరప్పా?" అన్నారు సారు. నాతో చదివే పాకాల రూపేష్, తన చెయ్యే తగిలిందేమో అని నిజంగానే అనుకొని, "నేనే సార్" అన్నాడు. పెట్టె తీసుకొని మేమిద్దరం కోల్‌కతాకు పోవాల్సింది, ఆ ప్రయాణం నుంచి అతన్ని తీసేసినారు. నేను పక్కనే నిలబడి స్క్రూలు లెక్కబెడతా ఉండాను. అట్ల రెండు దినాలు.

ఈ పొద్దు పోయి చెప్పేసినాను. సారు అరవలేదు. ముడిని భూతద్దంతో చూసి, "బాగా వేసినావు. అసలు వేయకూడదు. వేసి చెప్పకపోవడం ఇంకా తప్పు" అన్నారు. రూపేష్‌ను చేర్చుకొని నన్ను తీసేసినారు. రూపేష్ ఒకటే మాటన్నాడు: "రెండు దినాలు నాకు అన్నం పోలేదు మే."

సాయంత్రానికి తీగ మొత్తం తీసి కొత్తది లాగినాను, బిగువు రూపేష్ చూసినాడు. ఈసారి రవ్వల్లేవు.

రైలెప్పుడని, రేణిగుంటకు పులిహోర తెస్తానని రాసినావు. ఆదివారం మధ్యాహ్నం. పొయ్యేది రూపేష్. అయినా నువ్వు రా నాయనా, పులిహోర అతనికిద్దాం. పెట్టె అతని సీటు కింద నేనే పెట్టి, రైలు దిగొస్తాను.

ఇట్లు,
ఆలస్యంగానైనా నోరు తెరిచిన నీ కూతురు,
మహిత