మొక్క పక్కన నిలబడ్డ పాప

అక్కా,

నేను బాగానే ఉన్నాను, నా సంగతి వదిలెయ్. పేరు తేల్చమని నువ్వు పంపిన తెల్లపూల మొక్క ఫోటో ఇవాళే అందింది. దారిలో ఎన్నాళ్లు తిరిగిందో ఏమో! ఎత్తు తెలిసేలా పక్కన ఏదైనా పెట్టమంటే నువ్వు పాపనే నిలబెట్టావు. మా మొక్కల ఆఫీసులో అందరూ ఒకటే నవ్వు. పెద్దాయన మాత్రం భూతద్దంతో చూసి, "ఈ పిల్ల నోట్లో అదేంటమ్మా?" అన్నారు. ఆ మొక్క కాడే, బూరలా ఊదుతోంది! ఇలాంటి పూలే పూసే విషపు మొక్క ఇంకోటి ఉంది. మంచిదాని కాడకి నూగుంటుంది, విషపుదాని కాడ నున్నగా, ఊదా మచ్చలతో ఉంటుంది. ఫోటోలో ఉన్నవి మచ్చలో మసకో తెలిసి చావడం లేదు. పాపని అటు పోనివ్వకు. ఒక్క కాడని దగ్గర్నుంచి ఫోటో తీసి పంపు, పక్కన స్కేలు పెట్టు చాలు. మిగతావి బావతో పీకించు, చేతులకి గుడ్డ చుట్టుకోమను. అమ్మ మోకాలు ఎలా ఉంది? నా స్వెట్టరు దొరికిందా? జవాబు నువ్వు రాయకు, పాపతో రాయించు. ఆ వంకర అక్షరాలు చూస్తేగానీ నాకు ముద్ద దిగదు.

నీ చెల్లి