వదిలి వచ్చిన కానుక

నాన్నకు వందనాలు. ఒంట్లో బాగానే ఉంది. మనసే తికమకగా ఉండి ఈ కార్డు రాస్తున్నాను, అమ్మను కంగారు పెట్టకండి.

ఇక్కడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో నన్ను తనిఖీకి మార్చారు. నా గదిలో ఉండే ఆమెను వరస లేకపోయినా వదినా అనే పిలుస్తాను. ఆమె కుట్టిన చొక్కాకు కాలరు వంకరగా ఉంటే వెనక్కి పంపాను. సూపర్‌వైజరు అందరి ముందూ ఆమెకు చివాట్లు పెట్టాడు. అప్పటినుంచి మాటల్లేవు. ఆదివారం ఆరాధనలో కానుకల సంచి నా దాకా వచ్చేసరికి, తోటివారికి మనమీద కోపముంటే కానుక అక్కడే వదిలి ముందు సమాధానపడి రమ్మన్న వాక్యం గుర్తొచ్చింది. కానుక బల్లమీదే పెట్టి, పాట మధ్యలో లేచి గదికి వచ్చేశాను. వదిన బట్టలు ఉతుకుతోంది.

"క్షమించు వదినా."

"ఎందుకు? కాలరు వంకర కాదా?"

"వంకరే."

"తప్పు నాదైతే క్షమాపణ నీదేంటి? పో, ఇంకో బకెట్టు నీళ్లు పట్టుకురా."

తెచ్చాను. ఇద్దరం కలిసి బట్టలు ఆరేశాం. మళ్లీ మాట లేదు. ఇది సమాధానపడినట్టా, కాదా? తప్పెవరిదో తేల్చుకోమని వాక్యంలో లేదు, వెళ్లమనే ఉంది. వెళ్లాను. ఇప్పుడు కానుక ఇవ్వవచ్చా? మీరు సంఘపెద్ద కదా, చెప్పండి.

అమ్మ మోకాలు ఎలా ఉంది? తమ్ముడి కళ్లజోడు మార్పించారా? నా పాత బైబిలు ఎవరైనా ఇటు వస్తుంటే పంపండి, ఇక్కడిది అక్షరాలు మరీ సన్నం.

ఇప్పుడే వదిన తలెత్తకుండా, "మీ నాన్నగారికి నా వందనాలు కూడా రాయి. మన గొడవ మాత్రం రాయకు" అంది. కార్డు అప్పటికే నిండిపోయింది. ఆమె వందనాలు ఈ అంచున ఇరికించాను.

మీ దీవెనలు కోరే,
పెద్దమ్మాయి