పీల్చడం తెలియని పాప

తిరువళ్ళూరు, 1957 ఆగస్టు 6
ఈరోజే ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చోగలిగాను. ఎనిమిదో నెల పడగానే కాన్పు. ఆడపిల్ల. బతికే ఉంది. దూదిలో చుట్టి, రెండు వైపులా వేడినీళ్ళ సీసాలు పెట్టి వేరే గదిలో ఉంచారు. ముఖం మాత్రం కనబడుతుంది. నా చేతికి ఇవ్వలేదు.

ఆగస్టు 7
ముక్కులోంచి కడుపులోకి సన్నని రబ్బరు గొట్టం వేశారు. పై చివర చిన్న గరాటు. పీల్చే బలం లేదు, మింగడం ఇంకా రాదు అని డాక్టరమ్మ. పాలు నేను పిండి ఇవ్వాలి, వాళ్ళు పోస్తారు. పిండాను. గిన్నె అడుగు తడిసింది, అంతే.

ఆగస్టు 8
తిరుత్తణి నుంచి అత్త వచ్చింది. అక్కడ కొండ మీది గుడికి జనం వచ్చే రోజులు, ఆయన అంగడి వదిలి రాలేదు. అత్త చేతిలో డబ్బాపాలు. "నీకు పాలు రాకుంటే బిడ్డను ఎండబెడతావా? ఇది కలిపి పొయ్యమను." నర్సు ఒప్పుకోలేదు. ఇంత చిన్న కడుపుకు తల్లిపాలే పడతాయట. నేను మళ్ళీ గిన్నె అందుకున్నాను.

ఆగస్టు 10
పక్క మంచం కన్నియమ్మది. ఊరు ఆరంబాక్కం, చేపలు పట్టే ఇల్లు. బిడ్డ పుట్టగానే పోయింది. పాలు మాత్రం ఆగలేదు — రవిక తడిసిపోతుంది, నొప్పికి మూలుగుతుంది. ఆ పాలు పాపకు పోద్దామా అని నర్సు ముందు ఆమెను అడిగింది, తర్వాత నన్ను. నేను అత్త వైపు చూశాను.
"ఎవురి పాలో తాగించినామని తెలిస్తే ఇంట్లో ఏమంటారు?" అంది అత్త, ఆమెకు వినబడేటట్టే.
కన్నియమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.
"ఇమ్మనండి," అన్నాను నర్సుతో. అత్తకు ఎదురు చెప్పడం ఇదే మొదలు.

ఆగస్టు 11
కన్నియమ్మ పాలు పోశారు. పాప కక్కలేదు. అత్త నాతో మాట్లాడటం లేదు.

ఆగస్టు 14
వేడిగుడ్డ కాపడం, మళ్ళీ పిండటం, మళ్ళీ కాపడం. ఈరోజు గిన్నె సగం నిండింది. నావి.

ఆగస్టు 17
గొట్టం తీసేశారు. ఇప్పుడు ఇంకు ఫిల్లరు లాంటిదానితో నాలుక మీద చుక్కచుక్కగా. నర్సు తమిళంలో "సొట్టు సొట్టా" అంటూనే ఉంటుంది. పాప మింగింది. ఒకసారి పొరబోయి నీలంగా మారింది — నర్సు బోర్లా తిప్పి వీపు రుద్దింది. పాప ఏడ్చింది.

ఆగస్టు 19
కన్నియమ్మ ఊరికి పోతోంది. పోయే ముందు పాపను చూస్తానంది. అద్దం తలుపు ఇవతల నుంచే చూసింది. "బాగా తాగతా ఉండాది గదా," అంది.
అత్త లేచి, తనకోసం తెచ్చుకున్న కొత్త చీర ఆమె చేతిలో పెట్టింది. "ఇంటికి పొయ్యి ఏడ్చుకో తల్లీ. ఈడ ఇన్నాళ్ళూ బిగబట్టుకోనుండావు."

సెప్టెంబరు 5
పాపను నా ఒడిలో పెట్టారు. ఉగ్గుగిన్నెతో పట్టాను. గుటకలు వినబడ్డాయి.

తిరుత్తణి, సెప్టెంబరు 12
ఇంటికి వచ్చాం. రొమ్ము పట్టదు. నోటికి అందిస్తే ముఖం తిప్పుకుని ఏడుపు. గిన్నె కనబడితే నోరు తెరుస్తుంది. "గిన్నెతోనే తాగనీలే, పెరగతా ఉంది గదా," అన్నారాయన. ఆయనకు ఎట్లా చెప్పేది.

సెప్టెంబరు 15
పాలు పిండి పెదవులకు అంటించాను. నాకింది. రొమ్ము నోట పెడితే వదిలేసింది.

సెప్టెంబరు 20
నా వీపు వెనక దిండు పెట్టి అత్త — "నువ్వు బిగుసుకుంటే బిడ్డా బిగుసుకుంటాది. భుజాలు వదులు చెయ్యి." ఈరోజూ పట్టలేదు. గిన్నెతోనే.

సెప్టెంబరు 24
పట్టింది. నొప్పి పుట్టేంత గట్టిగా. అత్తను పిలవబోయి ఆగాను, ఆ శబ్దానికి వదిలేస్తుందేమోనని. కాసేపు పీల్చి తనే వదిలి నిద్రపోయింది. కడుపు నిండిందో, అలసిపోయిందో.
అత్త గిన్నె తెచ్చింది. "లేపి పోద్దామా?"
"కొంచేపు ఉండత్తా."
నిద్రలోనూ పెదవులు కదుపుతోంది...