మధ్య వరస చరణం

వరాలూ,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. చదివేదానివి కావు, జవాబు రాసేదానివి అంతకన్నా కావు... సిరా దండగ. అయినా పొద్దుటి నుంచీ తూర్పు గాలి కిటికీ రెక్కను కొడుతూనే ఉంది. ఏదో ఒకటి చెయ్యాలిగా, కలం తీశాను. నువ్వు వెళ్ళి ఏడాది దాటింది. నేను బాగానే ఉన్నాను. చారులో ఉప్పు మాత్రం ఇప్పటికీ రెండుసార్లు వేస్తున్నాను.

ఉప్పెన సంగతి నీకు తెలియదు. నువ్వు శ్రావణంలో వెళ్ళావు, అది కార్తీకంలో వచ్చింది. అదృష్టవంతురాలు, చూడకుండా పోయిందని అందరూ అంటారు. నేను తలూపుతాను. సముద్రం నడిచి ఊళ్ళోకి వచ్చింది. ఇంతకంటే ఎలా చెప్పను?

నీ క్లాసు సంగతి రాద్దామని కూర్చున్నాను.

ఏ ఊరి పిల్లల్ని ఆ ఊరి వరసలో కూర్చోబెట్టేదానివి గుర్తుందా? ముందు మన కోడూరు వాళ్ళు, మధ్యలో సముద్రపొడ్డు పాలెం పిల్లలు, వెనక కాలువ అవతలి నుంచి బస్సులో వచ్చేవాళ్ళు. నువ్వు కట్టిన మూడు చరణాల పాటలో వరసకో చరణం. ఇంటికి పోయే దారిలో ఎవరి చరణం వాళ్ళు కలిసి సాధన చేసుకుంటారని నీ ఎత్తు.

పాలెం ఇప్పుడు లేదు వరాలూ. మధ్య వరసా లేదు.

నీ చోట ఇంకో సంగీతం టీచర్ని వెయ్యలేదు. పీరియడ్ మాత్రం టైంటేబుల్లో అలాగే ఉండిపోయింది. శుక్రవారం చివరి గంటలో పిల్లలే వెళ్ళి కూర్చుని పాడుకుంటున్నారు. ముందు వరస తన చరణం పాడుతుంది. తరవాత అందరూ తొడల మీద తాళం వేస్తూ కూర్చుంటారు... మధ్య చరణం ఎంతసేపు సాగేదో అంతసేపూ. ఒక్కరూ నోరు విప్పరు. అది అయ్యాక వెనక వరస అందుకుంటుంది.

కిటికీ బయట నిలబడి విన్నాను. ఆ తాళం ఎలా ఉందంటే... వద్దులే.

కొత్త హెడ్మాస్టరుగారు మంచివారే. కబురు పెట్టి పిలిపించారు. "బాబాయిగారూ, ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. మీ ఆవిడగారి పాట మీకు వచ్చు కదండీ, ఆ ఖాళీ పూడ్పించండి. లేకపోతే ఈ పీరియడ్ నిలబడదు" అన్నారు.

నాకు సంగీతం రావడమేమిటి? గుడివాడలో రైసుమిల్లు పక్క గదిలో కాపురం పెట్టినప్పుడు నువ్వు మిల్లు ఇంజను మోతనే శ్రుతి చేసుకుని సాధన చేసేదానివి. ఇంజను ఆగితే నీ గొంతూ ఆగేది. "అమ్మాయి పాట ఆపింది, కరెంటు పోయినట్టుంది" అని మిల్లు యజమాని భార్య దీపం వెలిగించేది. నా సంగీతం చదువంతా ఆ గదిలో కూర్చుని విన్నదే. అయినా నీ పీరియడ్ కదా అని వెళ్ళాను. మధ్య చరణం కూడా మీరే అందుకోండర్రా అని చెప్పాను.

ముందు వరసలో ఫాతిమా ఉంది, టైలరు మస్తాన్‌గారి అమ్మాయి. "అది వాళ్ళదండి" అంది.

వాళ్ళు లేరు కదమ్మా అనబోయాను. ఆ పిల్ల నా వంకే చూస్తోంది.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. విన్నారు. పాట ఆగిన చోట చేతి గడియారం చూసుకున్నారు. "టీచరు లేదు, పరీక్ష లేదు, పాటన్నా పూర్తిగా లేదు. ఈ గంట లెక్కలకిచ్చెయ్యండి" అని సంతకం పెట్టి వెళ్ళారు.

బళ్ళో సంగీతం దేనికని ఒకప్పుడు కమిటీ పెద్దాయన నిన్ను నిలదీశాడు. "లెక్కల్లో ఎవరి జవాబు వాళ్ళదండీ. ఒకడు రాకపోయినా మిగతావాళ్ళకి తప్పు పోదు. పాటలో ఒకడు మానేస్తే అందరికీ వినిపిస్తుంది" అన్నావు. ఆయన టీ తాగి వెళ్ళాడు. ఆ మాట ఇన్‌స్పెక్టరుగారి ముందు నాకెందుకు తట్టలేదో... తట్టినా ఆయనకు వినిపించేదా?

తెలుగు మేష్టారు ఉప్పెన మీద వ్యాసం రాయించారట. గాలి గురించి రాశారు, హెలికాప్టర్ల గురించి రాశారు. పాలెం పేరు ఒక్కరూ రాయలేదు. వాళ్ళు ఆ పిల్లల్ని తలుచుకునేది నీ గంటలోనే. ఇప్పుడు ఆ గంట లేదు. లోపల ఉన్నది ఎక్కడికి పోతుంది?

అందుకే ప్రతి శుక్రవారం బడి వదిలాక పిల్లల్ని మన అరుగు మీదికి రమ్మన్నాను. వెనక వరస వాళ్ళు కూడా సాయంత్రం బస్సు దాకా ఉండి పాడి వెళ్ళేవారు.

వాయుగుండమని రేడియో మొన్నటి నుంచీ చెబుతోంది. మళ్ళీ కార్తీకమే. ఊళ్ళో బియ్యం బస్తాలు అటకెక్కిస్తున్నారు. ఏమీ కాదులే అనేవాళ్ళు కూడా కనిపించడం లేదు.

పిల్లలు వచ్చినన్నాళ్ళూ అరుగు మీద చాప పరుస్తాను. నీకు మాటిస్తున్నాను.

నిన్న శుక్రవారం. కాలువ అవతలికి పొద్దుటి నుంచే బస్సులు ఆపేశారు. వెనక వరస రాలేదు. ముందు వరస వాళ్ళు వచ్చి, తమ చరణం పాడి, తాళం వేస్తూ కూర్చున్నారు... రెండు చరణాలంత సేపూ.

నీ
సుబ్బారావు