పెద్దోడి పేరు మీద రక్తం

మార్చి 4

మరదలికి మూడోసారీ కడుపు నిలవలేదు. నిన్న హాస్పిటల్ నుంచి తీసుకొచ్చాం. గుమ్మంలోనే అమ్మ అందుకుంది. ఆ కడుపులో అద్దెకు కూడా ఎవరూ ఉండరు అంది. మరదలు వినపడనట్టు లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ప్రార్థనకు కూర్చున్నాను. మరదలికి ఓర్పునిమ్మని అడిగాను.

మార్చి 9, సాయంత్రం

మరదలి మొగుడు, నా తమ్ముడు పెద్దోడు, లాయర్‌తో మాట్లాడాడట. పిల్లలు నిలవకపోవడం విడాకులకు సరిపోతుందా అని అడిగాడట. అమ్మే చెప్పింది, ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా.

భోజనాల దగ్గర మరదలు ఒక్క మాటే అంది. ముందు ఇద్దరం క్రోమోజోమ్ టెస్ట్ చేయించుకుందాం, లోపం నాలో ఉంటే మీరు చెప్పేదాకా ఆగను, నేనే వెళ్ళిపోతాను అంది. నాకెందుకు టెస్ట్, గుండ్రాయిలా ఉన్నాను అన్నాడు పెద్దోడు. గుండ్రాయికి పిల్లలు పుట్టరుగా అంది మరదలు.

కంచం నెట్టేసి లేచాడు.

మార్చి 24

మరదలి రిపోర్ట్ వచ్చింది. నార్మల్. అది మంచి ల్యాబ్ కాదులే అంది అమ్మ.

మార్చి 28, సాయంత్రం

పెద్దోడు చివరికి ఒప్పుకున్నాడు. కాకపోతే ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్ళాలన్నాడు.

స్కూల్ ఆఫీసులో పని తొందరగా అయింది. ఇంటికొచ్చేసరికి హాల్లో ల్యాబ్ అమ్మాయి సూది గుచ్చుతోంది. కుర్చీలో ఉన్నది చిన్నోడు, నా చిన్న తమ్ముడు. ట్యూబు మీద పేరు మాత్రం పెద్దోడిది. ఆ పేరుగలవాడు వంటింట్లో నిలబడి మంచినీళ్ళు తాగుతున్నాడు.

ఆ అమ్మాయి వెళ్ళాక ఇదేంట్రా అని అడిగాను. నాలో ఏ చిన్న తేడా వచ్చినా నీ మరదలు నా నెత్తికెక్కి కూర్చుంటుంది, వీడు ఎద్దులా ఉన్నాడు, రిపోర్ట్ క్లీన్‌గా వస్తుంది అన్నాడు పెద్దోడు. అన్నయ్య సంసారం కోసం రక్తం ధారపోశానక్కా, కాస్త కాఫీ అయినా ఇప్పించు అన్నాడు చిన్నోడు. నువ్వెళ్ళి ప్రార్థన చేసుకోవే, ఇవన్నీ నీకెందుకు అంది అమ్మ.

చేసుకున్నాను. మరదలు ఆఫీసు నుంచి రాగానే అంతా చెప్పేశాను.

ఏడుస్తుందనుకున్నాను. నోరెత్తకండి వదినా, ముందు రిపోర్ట్ రానివ్వండి అంది. గొంతులో కోపం లేదు. నాకు భయమేసింది.

మార్చి 29

ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. హాయిగా ఉంది.

ఏప్రిల్ 15

హాస్పిటల్లో జెనెటిక్ కౌన్సెలర్ గదికి అందరం వెళ్ళాం. నాలుగే కుర్చీలు. కారు తోలుకొచ్చిన చిన్నోడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆవిడ పెద్దోడి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. మీ క్రోమోజోముల్లో రెండు ముక్కలు ఒకదాని చోట్లోకి ఒకటి వెళ్ళాయి, దానివల్ల మీకు ఏ జబ్బూ రాలేదు, కానీ బిడ్డకు చేరేటప్పుడు ఒక్కోసారి ఒక ముక్క ఎక్కువో తక్కువో అవుతుంది, అలాంటి గర్భాలు చాలావరకు నిలవవు. ఇందులో ఎవరి తప్పూ లేదు, దారులున్నాయి అని కూడా అంది.

పెద్దోడు ఎగిరి లేచాడు. అది నా రక్తం కాదు, వీడిది అని చిన్నోడి వైపు వేలు చూపించాడు. ఎంత సంబరంగా అరిచాడంటే, ఏం ఒప్పేసుకున్నాడో వాడికే కాసేపటిదాకా తెలియలేదు.

చిన్నోడు నవ్వబోయి ఆగిపోయాడు. నాదా అన్నాడు.

కౌన్సెలర్ పెన్ను కింద పెట్టేసింది. ఒకరి పేరుతో ఇంకొకరు రక్తమివ్వడం ఏంటండీ అంది. ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటే తోబుట్టువుల్లో ప్రతి ఒక్కరికీ సగానికి సగం అవకాశం ఉంటుంది, అందరూ చేయించుకోండి అంది. మా వంశంలో అలాంటివి లేవు అంది అమ్మ.

నాకూ పెద్దోడికీ మధ్య ఎంతమంది కడుపులోనే పోయారమ్మా అని అడిగాను.

ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. మీ నాన్నమ్మ నన్ను తిట్టని రోజు లేదు అంది అమ్మ, ఆ తిట్టింది నేనే అయినట్టు.

మరదలు లేచి నిలబడింది. నన్ను ఇన్నేళ్ళు కాల్చుకు తిన్నారు, ఒక్క సూదిపోటు భరించలేకపోయారు అంది పెద్దోడితో. మీ రక్తంలో ఏముందో నాకిక అక్కర్లేదు అంది. ఇంటికి మాతో రాలేదు.

ఏప్రిల్ 17

మరదలు వచ్చి సామాను తీసుకెళ్ళింది. పెట్టెలు నేనే కిందికి దింపాను. ఎవరింటి ఆడపడుచువే నువ్వు అని అమ్మ మెట్ల మీది నుంచి అరిచింది. పెట్టెలు బరువుగా ఉన్నాయి.

ఏప్రిల్ 21

చిన్నోడు అన్నతో కలిసి తినడం మానేశాడు. జోకులూ మానేశాడు.

పెద్దోడు మాత్రం టెస్ట్‌కి రానంటున్నాడు. సగానికి సగం అందిగా ఆవిడ, ఆ సగం చిన్నోడు పట్టుకుపోయాడు, నేను బయటపడ్డట్టే అంటున్నాడు. పంచుకోవడానికి అదేమన్నా పొలమా అన్నాను. అమ్మ మాత్రం వాడి లెక్కే నమ్మింది.

నేను రక్తమిచ్చి వచ్చాను. పెళ్ళీ పెటాకులూ లేనిదానివి, ఈ వయసులో నీకెందుకే అంది అమ్మ.

మే 9

నాకూ ఉంది.

కాగితం అమ్మ ఒళ్ళో పెట్టాను. టీవీ సౌండ్ పెంచింది.

మే 13

విడాకుల కాగితాల మీద సంతకాలు కూడా పడలేదు. అమ్మ పెద్దోడికి ఇంకో సంబంధం చూసింది. ఆ లోపం మీ ఇద్దరికీ వచ్చేసిందిగా, ఇక వాడికి రాదు అంటోంది. పిల్ల తరఫువాళ్ళకు, మొదటిదాని కడుపు మంచిది కాదని చెప్పిందట.

దేవుడి ముందు కూర్చున్నాను. ఓర్పునిమ్మని అడగబుద్ధి కాలేదు.

మే 14, ఉదయం

కొత్త సంబంధం అమ్మాయి ఇంటికి వెళ్తున్నాను. రిపోర్ట్ జెరాక్స్ తీయించాను. తమ్ముళ్ళది కాదు. నాది.