మూఢానికి ముందే చేరిన ఉద్యోగం

శుక్రవారం రాత్రి, తిరువూరు

కిరణ్ ఉద్యోగ అనుమతి దరఖాస్తును తిరస్కరించినట్టు ఉదయం మెయిల్ వచ్చింది. మధ్యాహ్నం అతని భార్య శ్రావణి విస్సన్నపేట నుంచి నా వీసా కన్సల్టెన్సీ ఆఫీసుకు వచ్చింది.

ఇక్కడి కంపెనీ పనిని అక్కడ కూర్చుని చేసుకునే వీసా మీద కిరణ్ యూరప్ వెళ్లాడు. ఆ కంపెనీ మూతపడుతోందని తెలిసి అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. దానికి వేరే అనుమతి కావాలి. అది చేతికి వచ్చేదాకా చేరవద్దని స్పష్టంగానే చెప్పాను. కానీ మూఢం వస్తోందని వాళ్ల నాన్నగారు ముందే ముహూర్తం పెట్టించారు.

“ఒక్క పూట వెళ్లి సీట్లో కూర్చుని రమ్మన్నారండి మామయ్యగారు, అంతే. కొత్త కంపెనీ వాళ్లేమో ఆ రోజే చేరినట్టు రికార్డుల్లో ఎక్కించేశారు. అనుమతి ఇవ్వనిది అందుకేనట,” అంది శ్రావణి. “తేదీ పొరపాటున పడిందని రాసెయ్యండి సార్.”

“అబద్ధమని తేలితే మళ్లీ ఆ దేశంలోకి రానివ్వరమ్మా. జరిగింది జరిగినట్టే రాసి అప్పీలు వేద్దాం.”

నెగ్గుతుందన్న ఆశ తక్కువేనని కూడా చెప్పాను. ఆమె ఏడవలేదు. చున్నీ కొసను వేలికి చుట్టుకుంటూ, మామయ్యగారితో మీరే మాట్లాడండి అంది.

సాయంత్రం కిరణ్ నాన్నగారికి నేనే ఫోన్ చేశాను. ఆయన మాట లేనిదే కిరణ్ అప్పీలు మీద సంతకం పెట్టడు.

“మూఢం పోయాక వేద్దామండీ. ఈసారి ఏ పొరపాటూ జరగకూడదు,” అన్నారాయన.

గడువు బుధవారంతో ముగుస్తుందని, అది దాటితే కిరణ్ ఆ దేశం విడిచి వచ్చేయవలసిందేనని నెమ్మదిగా రెండుసార్లు చెప్పాను.

“అయితే ఈలోపు ఏ ఘడియ కాస్త నయమో అడగాలి. పంతులుగారు కాశీలో ఉన్నారండి, ఎప్పుడొస్తారో తెలియదు. రాగానే కనుక్కుని చెప్తాను.”